లోహాన్ని పంటికి అతికించిన కథ

ఒక పన్ను ఊడితే, దాని స్థానంలో కట్టుడు పన్ను నిలపడానికి ఇరుపక్కల ఉన్న మంచి పళ్లను అరగదీసి, లోహపు తొడుగులు వేసి బ్రిడ్జి కట్టడం దంతవైద్యంలో చిరకాలం సాగిన పద్ధతి. ఆనాటి జింక్ ఫాస్ఫేట్ సిమెంటు పంటికి గానీ లోహానికి గానీ నిజంగా అంటుకోదు. రెండింటి మధ్య సందును నింపి, గరుకుదనం ఆసరాతో నిలుస్తుంది. అందుచేత తొడుగు జారకుండా పంటిని చెక్కక తప్పేది కాదు. అరగదీసిన ఎనామిల్ మళ్లీ పెరగదు. ఈ నష్టాన్ని తగ్గించాలన్న తపనే ఈ చరిత్రకు మూలం.

1955లో అమెరికా శాస్త్రజ్ఞుడు మైఖేల్ బ్యూనోకోర్, ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఎనామిల్‌ను గరుకు చేస్తే రెసిన్ దానిని గట్టిగా పట్టుకుంటుందని నిరూపించాడు. పంటి వైపు చిక్కు వీడింది. లోహం వైపు చిక్కు మిగిలింది.

1973లో ఫ్రెంచి వైద్యుడు రోషెట్, కదులుతున్న కింది ముందుపళ్లను కట్టి ఉంచేందుకు రంధ్రాలున్న పలుచని లోహపు పట్టీని వాడాడు. రెసిన్ ఆ రంధ్రాలలోకి చొచ్చుకొని గట్టిపడేది. అయితే పట్టు రంధ్రాల వద్దనే. పైకి తేలిన రెసిన్ అరిగిపోయేది. 1980ల ఆరంభంలో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన లివాడిటిస్, థాంప్సన్‌లు నికెల్-క్రోమియం మిశ్రలోహాన్ని ఆమ్లద్రావణంలో ఉంచి విద్యుత్తు ప్రసరింపజేసి, లోపలి తలమంతా సూక్ష్మమైన గుంటలు పడేటట్లు చేశారు. అదే ‘మేరీలాండ్ బ్రిడ్జి’.

అసలైన మలుపు జపాన్‌లో వచ్చింది. అక్కడి పరిశోధకులు ఫోర్-మెటా, ఎం.డి.పి. అనే అణువులను రూపొందించారు. వీటి ఒక కొస లోహంపై ఉండే ఆక్సైడు పొరతో బంధం ఏర్పరుస్తుంది; మరొక కొస రెసిన్‌లో కలిసిపోతుంది. ఎం.డి.పి.తో తయారైన పనావియా సిమెంటు 1983లో వెలువడింది. అల్యూమినా రజనుతో లోహాన్ని గరుకు చేస్తే చాలు, విద్యుత్తుతో పని లేకపోయింది. బంగారంపై అటువంటి ఆక్సైడు పొర ఏర్పడదు కనుక దానికి తగరపు పూత పూశారు. తరువాత గంధకం గల ప్రైమర్లు వచ్చాయి.

ఈ చరిత్ర నుండి పాఠకులు గ్రహించవలసినవి కొన్ని ఉన్నాయి. ముందుపన్ను ఒక్కటే పోయినప్పుడు, పక్కపళ్లను అంతగా అరగదీయని అతుకుడు బ్రిడ్జి మీకు సరిపడుతుందేమో వైద్యుని అడగండి. నికెల్ నగలు పడని చర్మతత్త్వం ఉంటే ముందే చెప్పండి. రెండు రెక్కలలో ఒకటి ఊడినా బ్రిడ్జి నిలిచే ఉంటుంది. కానీ ఆ రెక్క కింద పన్ను నిశ్శబ్దంగా పుచ్చిపోతుంది. కదలిక తెలిసిన వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లండి. ఇంట్లోని జిగురుతో అతికించుకోకండి.