తొమ్మిదో నెల ఎందుకు?

బిడ్డకు తొమ్మిది నెలలు నిండగానే ఏఎన్ఎం తట్టు సూది గుర్తు చేస్తుంది. మొదటి పుట్టినరోజు అయ్యాక వేయిస్తే పోదా అని అడిగే తల్లులూ ఉన్నారు. తీసిపారేయాల్సిన ప్రశ్న కాదది. శాస్త్రజ్ఞులే దాని చుట్టూ ఏళ్ల తరబడి తిరిగారు.

బోస్టన్‌లో జాన్ ఎండర్స్ బృందం పడిన శ్రమతో తట్టు టీకా తయారై, 1963లో అమెరికాలో అనుమతి పొందింది. మొదట తొమ్మిది నెలలకే వేశారు. 1965లో దాన్ని ఏడాదికి జరిపారు, 1976లో పదిహేను నెలలకు. ఈ జరపడానికి కారణం తల్లి రక్తం. బిడ్డ కడుపులో ఉండగానే తల్లి ప్రతిరక్షకాలు బిడ్డకు చేరతాయి. పుట్టాక కొన్ని నెలలపాటు తట్టు రాకుండా కాసేవి అవే. అయితే ఆ కాపలాకు దొంగెవరో చుట్టమెవరో తెలియదు. టీకాలో ఉన్నది బలం తగ్గించిన వైరస్సే కదా, దాన్నీ తలెత్తకుండా అణిచేస్తాయి. సూది నొప్పి మిగులుతుంది, రక్షణ మిగలదు.

మరి ఆగితే? అమెరికా ఆగగలిగింది. ఆఫ్రికాలో ఏడాది నిండకముందే తట్టు సోకి పసివాళ్లు చనిపోయేవారు. అందుకే కెన్యా ఆరోగ్య శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి తల్లి ఇచ్చిన రక్షణ ఏ నెలకు ఎంత తరుగుతోందో కొలిచాయి. ఆ లెక్కలు 1977లో అచ్చయ్యాయి. అలాంటి అధ్యయనాల మీదే మనలాంటి దేశాలకు తొమ్మిదో నెల స్థిరపడింది. అది రాజీ బేరం. ఆ వయసులో వేస్తే నూటికి సుమారు 85 మందికే రక్షణ వస్తుంది, ఏడాది దాటాక వేస్తే 95 మంది దాకా.

మిగిలిన ఆ పదిహేను మంది కోసమే రెండో డోసు. ఒక డోసు పడిన బడిపిల్లల్లోనూ తట్టు పాకడం చూసి అమెరికా 1989లో రెండో డోసు చేర్చింది. మన దేశంలో 2010లో మొదలైంది, 16 నుంచి 24 నెలల మధ్య.

దీన్నీ బూస్టర్ అనేస్తుంటారు. నాకు ఆ మాట రుచించదు. బూస్టర్ కథ వేరు. 1921లో లండన్ వెల్‌కమ్ ప్రయోగశాలలో అలెగ్జాండర్ గ్లెన్నీ, తన సహచరుడితో కలిసి, కంఠసర్పి విషంతో జంతువులపై పరీక్షలు చేస్తూ ఒకటి గమనించాడు. మొదటి సూదికి ఒళ్లు నిదానంగా, అంతంతమాత్రంగా స్పందిస్తుంది. కొంతకాలం ఆగి వేసిన రెండో సూదికి త్వరగా, ఎన్నో రెట్లు బలంగా లేస్తుంది. నేర్చినది మరుపున పడేలోగా తట్టి లేపడమన్నమాట. డీపీటీ బూస్టర్ చేసే పని అదే. తట్టు రెండో డోసు ముఖ్యంగా మొదటిసారి అసలు నేర్వని పిల్లల కోసం.

టీకా కార్డులో రెండింటికీ ఒకటే గడువు కాబట్టి సాధారణంగా ఒకే రోజు పడిపోతాయి. తొడకు వేసేది బూస్టర్, కుడి భుజానికి వేసేది రెండో అవకాశం. బిడ్డ మాత్రం రెండింటికీ ఒకేలా ఏడుస్తుంది.