మంగళంపల్లి బాలమురళీకృష్ణ: నాలుగు స్వరాల రాగస్రష్ట

కర్ణాటక సంగీత విద్వాంసుడు, వాగ్గేయకారుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930 జులై 6న తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో జన్మించారు. త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు ఆయన గురువు. 72 మేళకర్త రాగాలలోనూ కృతులు రచించారు. వయోలా, మృదంగం, కంజీర వాద్యాలలోనూ ప్రావీణ్యం సాధించారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 'భక్తిరంజని' ద్వారా ఆయన గానం ఇంటింటికీ చేరింది. భీమ్‌సేన్ జోషి వంటి హిందుస్తానీ విద్వాంసులతో జుగల్‌బందీలు నిర్వహించారు. 'భక్త ప్రహ్లాద' చిత్రంలో నారదునిగా నటించారు.

నాలుగేసి స్వరాలతో ఆయన సృష్టించిన మహతి, లవంగి రాగాలు వివాదానికి దారితీశాయి. రాగానికి కనీసం ఐదు స్వరాలు అవసరమని సంప్రదాయవాదులు ఆక్షేపించారు. ఆ రాగాలలోనే కృతులు కూర్చి, కచేరీలలో గానం చేసి ఆయన వాటిని నిలబెట్టారు.

1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రాన్స్ ప్రభుత్వ షెవాలియర్ పురస్కారం అందుకున్నారు. 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు.