బళ్ళారి: ఊరి పేరు, ఊరివారి బ్రతుకు

కొన్ని ఊళ్ళ పేర్లు ఆ ఊళ్ళను చూడనివారి నోళ్ళలోనే ఎక్కువగా నలుగుతాయి. బళ్ళారి అటువంటిది. పాతతరం మలబారు వారికి బళ్ళారి అంటే జైలు. దినపత్రికలు చదివేవారికి ఇనుప ఖనిజం, అక్రమార్జన. తెలుగు నాటక చరిత్ర చదివినవారికి మాత్రం రంగస్థలం. మొదటి రెండు పేర్లు ఎట్లా వచ్చాయో, మూడవదాన్ని ఊరివారు ఎట్లా సంపాదించుకొన్నారో ఈ వ్యాసంలో పరిశీలిస్తాము.

1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన దత్తమండలాలలో బళ్ళారి ఒకటి. థామస్ మన్రో 1807 వరకు ఈ సీమకు ప్రధాన కలెక్టరు. తరువాత ఊళ్ళో సైన్యం దిగింది, జైలు వెలసింది. 1876-78 నాటి ధాత కరువు జిల్లాను కుదిపివేసింది. మలబారూ బళ్ళారీ ఒకే మద్రాసు రాజధానిలో ఉండటంవల్ల 1921 మాప్పిళ తిరుగుబాటు ఖైదీలను ఎందరినో ఇక్కడికి తరలించారు. స్వాతంత్ర్యోద్యమ ఖైదీలూ ఇక్కడ శిక్షలు అనుభవించారు. ఇంటికి దూరం కావటమే శిక్షలో సగం. ఆ విధంగా ఊరి పేరు భయానికి మారుపేరయింది. కాని ఆ జైలును నింపినది ఊరివారు కాదు, ప్రభుత్వం.

ఆ కాలంలోనే ఊరిలోపల జరిగిన పని వేరు. వకీలుగా స్థిరపడిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) సరస వినోదినీ సభను స్థాపించి, స్వయంగా నాటకాలు వ్రాసి ఆడించి, ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందారు. మరొక వకీలు కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) సుమనోరమ సభ పక్షాన చారిత్రక నాటకాలకు దారితీశారు. ధర్మవరం వారి మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు (1880-1946) కూడా వకీలే. ఆయన తెలుగులోనే గాక కన్నడ, ఇంగ్లీషు నాటకాలలోనూ నటించారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టారు. లోకం ఆయనను ఇంటిపేరుతో కాక ఊరిపేరుతో, బళ్ళారి రాఘవ అని పిలిచింది. చెడ్డపేరున్న ఊరి పేరే ఆయనకు బిరుదయింది.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేనాటికి ప్రశ్న మారింది: బళ్ళారి ఎవరిది? ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్ళారి తాలూకా విషయం తేలక జస్టిస్ మిశ్రా విచారణకు వెళ్ళింది. చివరకు 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరులో చేరింది. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం బళ్ళారి తాలూకాను ఆంధ్రకు ఇవ్వాలని సూచించినా అది అమలు కాలేదు. జనాభా లెక్కల పత్రంలో మాతృభాషకు ఉన్నది ఒక్క గడి. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, ఉర్దూ మాట్లాడే మనిషి ఆ గడిలో ఇమడడు. భాషాశాస్త్ర విద్యార్థులు ఈ సంగతి ప్రత్యేకంగా గమనించాలి.

ఈ శతాబ్ది తొలి దశకంలో చైనా కొనుగోళ్ళతో ఇనుప ఖనిజం ధర పెరిగింది. సండూరు కొండలు లారీలకెక్కి ఓడరేవులకు తరలాయి. రెండు రాష్ట్రాల సరిహద్దు గుర్తులనే చెరిపివేశారన్న ఆరోపణ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2011 జూలైలో కర్ణాటక లోకాయుక్త సంతోష్ హెగ్డే నివేదిక వెలువడింది. ఆ నెల 29న సుప్రీంకోర్టు జిల్లాలో తవ్వకాలు ఆపింది. పత్రికలు ఊరిని 'బళ్ళారి రిపబ్లిక్' అన్నాయి. ఇందులో స్థానికులకు పాత్ర లేదని మేము అనము. అయితే లాభం కొందరిది. ఎర్రదుమ్ము పడిన పొలాలూ, గుంతలు పడిన రోడ్లూ, చెడ్డపేరూ మిగిలినవారివి. అక్కడి తెలుగు కుటుంబాలకు మరొక ఇబ్బంది కూడా ఉంది. గనుల పెద్దలలో కొందరు తెలుగువారు కావటంతో, నేరం కొందరిదైతే అనుమానం ఒక భాష మీదికి మళ్ళే ప్రమాదం ఏర్పడింది.

తెలుగునాట వెలుపల చదువుకొంటున్న మన విద్యార్థులకు ఇది పరాయి సమస్య కాదు. మీ ఊరిని గురించో, మీ భాషవారిని గురించో ఇటువంటి మాట ఒకటి మీ చెవిన పడే ఉంటుంది. కోపగించుకోవటంకంటె, ఆ మాట ఎప్పుడు పుట్టిందో, ఎవరు అన్నారో, ఎందుకు అన్నారో విచారించటం మేలు. బళ్ళారి విషయంలో ఆ విచారణకు తెలుగు ఒక్కటే చాలదు. నాటక సభల చరిత్ర ఎక్కువగా తెలుగులో ఉంది. 1953 తరువాతి ఊరి చరిత్ర ఎక్కువగా కన్నడంలో ఉంది. రెండు లిపులూ చదవగలవారు మీలో ఉన్నారు. ఈ పని వారి కోసం ఎదురుచూస్తున్నది.