హార్మోనియము: వెలి, పునఃప్రవేశము

1940వ సంవత్సరము మార్చి 1వ తేదీ నుండి ఆలిండియా రేడియో కేంద్రములలో హార్మోనియము వినబడరాదని నిషేధము అమలులోనికి వచ్చినది. 1971లో ఆ నిషేధము కొంత సడలినది. నడుమ గడచిన ముప్పదియొక్క సంవత్సరములలో గోదావరి సీమయందు ఏ ఊరి పద్యనాటకమునకు పోయినను, తెర లేవక మునుపే చెవిని పడునది ఆ వాద్యమే. ఇంటిలోని రేడియోకు పనికిరానిదైన వాద్యము అదే కాలమున ఊరిలోని పందిటికి ప్రాణమై యుండెను.

హార్మోనియము మన వాద్యము కాదు. 1840 దశకపు తొలినాళ్ళలో పారిస్ నగరమున అలెగ్జాండర్ డెబైన్ అను నిర్మాత దానికి రూపు కల్పించెను. పెద్ద చర్చీలలోని ఆర్గన్‌కు ఇది చిన్న చెల్లెలు. తిత్తి గాలి యూదగా ఇత్తడి రీడ్లు పలుకును. కుర్చీపై కూర్చుండి కాళ్ళతో తొక్కవలసిన ఆ పెట్టె నేలపై కూర్చుండి పాడు మన గాయకులకు కుదురలేదు. 1875 ప్రాంతమున కలకత్తాలో ద్వారకనాథ ఘోష్ ఒక చేత తిత్తి, ఒక చేత మెట్లు నడుచునట్లు దానిని మార్చెను. అయినను మన నాటకరంగమున కాలి హార్మోనియము చాలకాలము నిలిచినది. రెండు చేతులను మెట్లపై ఆడించుటకు వీలు దానియందే గలదు గదా!

గోదావరి తీరమున నాటకమునకు నాంది పలికినది రాజమహేంద్రవరము. 1880లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు అచట నాటకములు ఆడించిరి. పిమ్మట ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి సమాజము కొరకు చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు నాటకములు వ్రాసియిచ్చిరి. నాటి నటులలో టంగుటూరి ప్రకాశము పంతులుగారు ఒకరు. పార్సీ, మరాఠీ నాటక సంస్థల ఒరవడి మన రంగస్థలమునకు సోకి, పద్యము చదువుట పోయి పద్యము పాడుట వచ్చినది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములు ఆ పాటకు పట్టము గట్టినవి. ఆ జంటలో దివాకర్ల తిరుపతి శాస్త్రిగారిది భీమవరము చెంతనున్న యండగండి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రిగారిది కడియము. ఇరువురును గోదావరి నీరు త్రాగినవారే.

ఇట్టి రంగమున హార్మోనిస్టు ఉత్త వాద్యకారుడు కాడు. మైకు లేని దినములలో పందిటి చివర కూర్చున్న రైతునకు సైతము వినబడవలెనన్నచో నటుడు హెచ్చు శ్రుతిలో పాడవలెను. ఆ గొంతునకు దీటుగా మ్రోగగల తోడు ఈ పెట్టెయే. కంట్రాక్టు నాటకములు వచ్చిన పిదప పని మరింత బరువైనది. కంట్రాక్టరు ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క ఊరినుండి నటుని పిలిపించును. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారమునకు వేరొక కృష్ణుడు. కలసి సాధన చేయుట అటుండగా, తోడి నటుని మొగము చూచుటయే తరచు రంగముపైన. వారి శ్రుతులు, ఎవరు ఏ పద్యమును ఏ రాగమున ఎత్తుదురో, ఎచట ఊపిరి తీయుదురో ఎరిగి నడపవలసినవాడు హార్మోనిస్టు. నటుడు రాగము తీసి ఆపగానే ఆ వరుసను తాను పలికించి, మరల అందుకొనుటకు దారి చూపును. ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అని కేకవేసినపుడు నటునకు దొరకు విశ్రాంతి ఆ నాలుగు క్షణములే. తెల్లవారుజామున గొంతు జీరపోయినచో కప్పి కాపాడునదియు ఆ పెట్టెయే.

మరి రేడియో దీనిని ఏల వెలివేసినది? కారణము లేకపోలేదు. రేడియోలో పాశ్చాత్య సంగీత శాఖను నడపిన ఆంగ్ల స్వరకర్త జాన్ ఫోల్డ్స్ 1938లో ‘ఇండియన్ లిజనర్’ పత్రికలో, అనగా ఇట్టి కార్యక్రమ పత్రికలోనే, హార్మోనియమును ఎత్తిపొడుచుచు వ్యాసము వ్రాసెను. రవీంద్రనాథ ఠాకూరు తన ఆశ్రమమునుండి దానిని అదివరకే వెడలగొట్టియుండిరి. 1940 జనవరిలో కలకత్తా కేంద్రమునకు ఆ మాటయే వ్రాసిరి. రేడియో అధిపతి లయొనెల్ ఫీల్డెన్‌కును అది గిట్టలేదు. వీరి ఆక్షేపణ సంగీతపరముగా సత్యమే. స్థాయికి పండ్రెండు మెట్లు. మెట్టునకు మెట్టునకు నడుమ ఏమియు లేదు. తోడి రాగమునందలి గాంధారము ఊగి ఊగి పలుకవలసినది. మెట్టుపై వ్రేలు నొక్కినచో అది కదలక నిలుచును. గమకమే ప్రాణముగాగల సంగీతమునకు ఇది కొరతయే.

కాని కచేరీకి వ్రాసిన శిక్ష నాటకమునకును పడినది. పద్యనాటక గానము కచేరీ గానము కాదు. అందు రాగము భావమునకు దాసి. ఆ భేదమును నిషేధము పాటింపలేదు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసినపుడు గోదావరి మండలములకు తెలుగు నాటకము ఇంటికే వచ్చినది. రంగస్థలముపై దానిని నడపిన హార్మోనిస్టునకు మాత్రము తన వాద్యముతో స్టూడియో ప్రవేశము లేకపోయెను. వింత యేమనగా, 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైన పిదప సినిమాపాటల వెంట హార్మోనియపు నాదము అదే రేడియోలో వినవచ్చెను. రికార్డున దూరి వచ్చినచో అభ్యంతరము లేదు కాబోలు!

1970 ప్రాంతమున పండితులు ఈ విషయమై చర్చాసభ జరిపిరి. 1971లో పెద్ద శ్రేణి కళాకారులకు పక్కవాద్యముగా హార్మోనియమును అనుమతించిరి. ఏకవాద్యముగా వినిపించుటకు తరువాతను దశాబ్దముల పాటు అనుమతి లేదు. ఆ తలుపు తెరచునప్పటికి డెల్టా పల్లెలలో సినిమా పందిటిని మ్రింగివేసినది. ముప్పదియొక్క సంవత్సరములలో ఎందరు హార్మోనిస్టుల వ్రేళ్ళు రేడియో భాండారమున ఒక్క రాత్రియైన నిలువకుండ పోయినవో లెక్క లేదు.

ఈనాటి పద్యనాటకములలో హార్మోనియము ప్రక్కన ఎలక్ట్రానిక్ కీబోర్డు కూర్చున్నది. పెక్కుచోట్ల దాని చోటే ఆక్రమించినది. అందు ఆర్గన్ నాదమునకు ఒక మీట, శ్రుతి మార్చుటకు వేరొక మీట గలవు. రెండవ కృష్ణుడు రంగముమీదికి వచ్చులోపల ఆ మీట నొక్కిన చాలును; మెట్లపై వ్రేళ్ళ నడక మార్చవలసిన పని లేదు.