పది రోజుల కాపలా, ఆరు నెలల చెర

1960ల చివర కూనూరులోని దక్షిణ భారత పాశ్చర్ సంస్థ పరిశీలనలో ఒక కుక్క ఉండేది. తమిళనాడులోని సురండై అనే ఊరి కుక్క అది. చూడటానికి ఆరోగ్యంగానే ఉండేది. కానీ దాని లాలాజలంలో రేబిస్ వైరస్ మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నదని సంస్థ డైరెక్టర్ ఎన్. వీరరాఘవన్, ఆయన సహచరులు వార్షిక నివేదికల్లో రాశారు. రేబిస్ సోకిన కుక్క కొద్దిరోజుల్లో చచ్చిపోతుందన్న నమ్మకం మీద ప్రపంచమంతా చికిత్స నియమాలు కట్టుకున్న కాలంలో, ఈ ఒక్క కుక్క ఆ నమ్మకానికి అడ్డం వచ్చి నిలబడింది.

కరిచిన కుక్కను పది రోజులు కట్టేసి చూడాలన్నది ఆ నియమాల్లో ముఖ్యమైనది. ఆ అంకె పంచాంగం చూసి పెట్టింది కాదు. కాటు పడ్డ చోటి నుంచి వైరస్ నరాల వెంట పాకి ముందు మెదడును చేరుతుంది. అక్కడ పెరిగిన తరువాతే మళ్ళీ నరాల వెంట కిందికి దిగి లాలాజల గ్రంథుల్లోకి వస్తుంది. అంటే కరిచిన రోజున కుక్క నోట్లో వైరస్ ఉన్నదంటే, దాని మెదడు అప్పటికే దెబ్బతిని ఉన్నట్టు లెక్క. లక్షణాలు బయటపడటానికి కొద్దిరోజుల ముందునుంచే లాలాజలంలో వైరస్ ఉంటుందని ఫ్రాన్స్‌లో రూ, నొకార్ 1890 ప్రాంతంలోనే చూపించారు. దీన్ని తిప్పి చదివితే నియమం వస్తుంది: పదో రోజున కుక్క బతికి ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాడు దాని నోట్లో వైరస్ లేదు. వ్యాధికి మందు కనిపెట్టలేని వైద్యశాస్త్రం, ఒక జంతువును గడియారంలా వాడుకోవటం నేర్చుకున్నది.

ఈ గడియారం ఎంత నిక్కచ్చిగా నడుస్తుందన్న ప్రశ్న తరువాత చాలాసార్లు వచ్చింది. 1982లో ఫెకడు బృందం ప్రచురించిన ప్రయోగాల్లో మెక్సికో నుంచి వచ్చిన వైరస్ లక్షణాలకు 7 రోజుల ముందు, ఇథియోపియా నుంచి వచ్చినది 13 రోజుల ముందు కూడా లాలాజలంలో దొరికింది. అయినా పది రోజుల నియమం మారలేదు, మారకపోవటమే సబబు కూడా. సురండై కుక్క వంటివి అత్యంత అరుదు. పైగా రేబిస్ ఉన్న దేశాల్లో పది రోజులు గడిచేదాకా చూసి టీకా మొదలుపెట్టమని ఎవరూ చెప్పరు. మొదటి సూది కరిచిన రోజునే పడాలి. కుక్క పదో రోజుకు బతికి ఉంటే అప్పుడు మిగిలిన సూదులు తగ్గించవచ్చు.

ఊళ్ళో జరిగేది వేరు. కరిచిన కుక్కను అక్కడికక్కడే కర్రలతో కొట్టి చంపటం పాత అలవాటు. ఇందువల్ల పోయేది కుక్క ప్రాణం ఒక్కటే కాదు, జవాబు కూడా. 1903లో ఇటలీ వైద్యుడు అడెల్కి నెగ్రి రేబిస్ మెదడు కణాల్లో ప్రత్యేకమైన మచ్చలను గుర్తించాక, చచ్చిన కుక్క మెదడును గ్లిసరిన్‌లో వేసి ప్రయోగశాలకు పంపే పద్ధతి వచ్చింది. జబ్బు ముదరకముందే చంపిన కుక్కలో ఆ నెగ్రి మచ్చలు కనబడకపోవచ్చు. "చంపకండి, కట్టేయండి" అని వైద్యులు మొత్తుకోవటం వెనుక ఉన్నది జంతుకారుణ్యం కంటే ముందు ఈ లెక్క.

తెలుగు జిల్లాలకు ఈ లెక్క కొండ దారిన వచ్చింది. 1902లో లిలీ పాకెన్‌హామ్-వాల్ష్ అనే ఆంగ్ల యువతి రేబిస్‌తో మరణించటం, అమెరికా ధనికుడు హెన్రీ ఫిప్స్ ఇచ్చిన విరాళం, ఈ రెండూ కలిసి 1907లో కూనూరు సంస్థ తెరుచుకోవటానికి కారణమయ్యాయి. అంతకుముందు హిమాలయ పాదాల్లోని కసౌలీయే దిక్కు. మద్రాసు రాజధానిలో భాగమైన గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో కుక్క కరిచిన మనిషి రైళ్ళు మారుతూ మేట్టుపాళయం చేరి, అక్కడ నీలగిరి రైలెక్కితే తప్ప టీకా లేదు. మనిషి కొండెక్కుతుంటే వైరస్ నరమెక్కుతుండేది. కుక్క మాత్రం ఊళ్ళోనే ఉండిపోయేది, బతికి ఉంటే. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో తయారుచేసిన మృత వైరస్ టీకా వచ్చాక చికిత్స జిల్లా ఆసుపత్రులకు దిగింది. మన పెద్దలు చెప్పుకునే "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అదే. గొర్రె మెదడుతో చేసిన ఆ టీకా కొందరికి పక్షవాతం తెచ్చేది. అందుకే కుక్క బతికి ఉన్నదన్న కబురుకు ఆ రోజుల్లో అంత విలువ: ఆ కబురు వస్తే మిగతా సూదులు తప్పేవి. భారతదేశం ఆ టీకాను 2004 చివరగ్గానీ మానలేదు.

ఇది కరిచిన కుక్క సంగతి. కరవబడిన కుక్క సంగతి వేరు, దాని గడువూ వేరు. పిచ్చికుక్క కాటుకు గురైన పెంపుడు కుక్కలో వైరస్ ఎంతకాలం దాగి ఉంటుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. వారాలు, నెలలు పట్టవచ్చు. 1897లో బ్రిటన్ విదేశాల నుంచి వచ్చే కుక్కలకు క్వారంటైన్ విధించటం మొదలుపెట్టింది. నోటికి బుట్టలు కట్టించి, ఊరకుక్కలను ఏరి, 1902 నాటికి దేశంలో రేబిస్‌ను లేకుండా చేసింది. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో దొంగచాటుగా వచ్చిన కుక్కలతో 1918లో వ్యాధి తిరిగివచ్చింది; మళ్ళీ 1922 దాకా ఆగలేదు. తరువాత ఆరు నెలల చెర ఒక వేదవాక్యమైపోయింది. 1969లో జర్మనీ నుంచి వచ్చిన ఫ్రిట్జ్ అనే కుక్క ఆరు నెలలూ పూర్తిచేసుకుని కాంబర్లీలోని ఇంటికి చేరిన పది రోజులకే పిచ్చెక్కి ఇద్దరిని కరిచింది. మరుసటి ఏడాది న్యూమార్కెట్‌లో పాకిస్తాన్ నుంచి వచ్చిన ఇంకో కుక్క, చెర వదిలిన మూడు నెలలకు. వాటర్‌హౌస్ కమిటీ కూర్చున్నది, గడువును కాదనలేదు, దానికి టీకాను జోడించమన్నది. 2000లో పెంపుడు జంతువుల ప్రయాణ పథకం వచ్చేదాకా ఆ చెర సాగింది.

టీకా వచ్చి ఈ లెక్కను మార్చింది. అమెరికా ప్రజారోగ్య పశువైద్యుల మార్గదర్శకం ప్రకారం, టీకా వేయించుకున్న కుక్కకు పిచ్చి జంతువు కాటు తగిలితే వెంటనే మరో టీకా వేసి, ఇంట్లోనే 45 రోజులు కనిపెట్టి ఉంటే చాలు. టీకా ఎన్నడూ పడని కుక్కకు రెండే దారులు: మరణం, లేదా ఆరు నెలల చెర. 2016లో ఆ ఆరు నెలలను కుక్కలకు, పిల్లులకు నాలుగుకు తగ్గించారు. ఒక సూది ఖర్చుకు, నాలుగు నెలల గదికి మధ్య ఉన్న ఈ దూరమే పెంపుడు జంతువుల రేబిస్ చట్టాలన్నిటికీ ఇరుసు.

గల్ఫ్ దేశాలు ఈ చట్టాలను సరిహద్దు దగ్గరే అమలుచేశాయి. ఐక్య అరబ్ ఎమిరేట్స్‌కు భారతదేశం నుంచి పిల్లినో కుక్కనో తీసుకువెళ్ళాలంటే మైక్రోచిప్, టీకా, రక్తంలో మిల్లీలీటరుకు కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్ల ప్రతిరక్షకాలు ఉన్నట్టు పరీక్ష, ఆ పైన మన పశు క్వారంటైన్ అధికారుల పత్రం కావాలి. ఒక రకంగా ఆరు నెలల చెరే ఇది, గదిలోంచి కాగితంలోకి మారింది. 2016 నాటి సమాఖ్య చట్టం కుక్కలకు లైసెన్సు, టీకా, బయట తిప్పేటప్పుడు గొలుసు తప్పనిసరి చేసింది. ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. పక్కనున్న ఒమాన్‌లో 1990లో నక్కల్లో రేబిస్ బయటపడింది. ఒమాన్ హజర్ కొండలే షార్జాకు చెందిన కల్బా, ఖోర్‌ఫక్కాన్‌ల వెనుకా నిలిచి ఉన్నాయి. నక్కకు పాస్‌పోర్టు అక్కర్లేదు.

అయితే షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, గోదాములూ గ్యారేజీలూ కార్మికుల వసతిగృహాలూ కిక్కిరిసిన ఆ అంకెల పేటల్లో, పెంపుడు జంతువు ఉన్నవాడు అరుదు. గేట్ల దగ్గర వాచ్‌మన్ అన్నం పెట్టే కుక్కలు ఉంటాయి. వాటికి యజమాని లేడు, చిప్పు లేదు. పది రోజులు కట్టేయమనే నియమం ఎవరితో చెప్పాలి? ఈ ప్రశ్న అక్కడి కంటే తెలుగునాట ఇంకా పెద్దది. మన 2001 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు పిచ్చి ఉన్నదని తేలిన కుక్కను సహజంగా చనిపోయేదాకా విడిగా ఉంచమన్నాయి. వ్యాధి సోకిన పది రోజుల్లో చావు వస్తుందని కూడా రాశాయి. సోకటం వేరు, లక్షణాలు బయటపడటం వేరు. పది రోజుల లెక్క రెండోదానికే చెల్లుతుంది. చట్టం రాసినవారి పక్కన ఒక పశువైద్యుడు ఉండి ఉంటే బాగుండేది. విడిగా ఉంచటానికి గది ఎన్ని పురపాలక సంఘాలకు ఉన్నదో అడగటం మరో సంగతి.

జగిత్యాల నుంచో కడప నుంచో షార్జా వెళ్ళిన కార్మికుడికి రెండేళ్ళకోసారి సెలవు దొరుకుతుంది. సెలవు చివరి వారంలో ఊరకుక్క కరిస్తే, మన ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి వేసే టీకా రోజులు 0, 3, 7, 28. మొదటి రెండు ఇక్కడ పడతాయి, ఏడో రోజుది విమానం తేదీని బట్టి. ఇరవై ఎనిమిదోది షార్జాలో, షిఫ్టు ముగిశాక, కంపెనీ ఆరోగ్యబీమా కార్డు చూపించి తానే అడిగి వేయించుకోవాలి. ఊళ్ళో ఇచ్చిన చీటీ పోగొట్టుకోకుండా ఉండాలి. కుక్కను పదో రోజు దాకా చూడవలసింది ఇంటి దగ్గర ఉన్న భార్యో తమ్ముడో. అది వీధి కుక్క, పేరు లేదు, మూడో రోజు నుంచి కనబడకపోతే అది చచ్చిందో పక్క ఊరు వెళ్ళిందో తెలియదు. అప్పుడు వైద్యుడు దాన్ని పిచ్చికుక్క కిందే లెక్కవేస్తాడు, సూదులన్నీ పూర్తిచేయమంటాడు.