చూచినవారు, వ్రాసినవారు: బస్తరు అడవులలో పక్షిపరిశీలన

గోదావరికి ఉత్తరాన, ఇంద్రావతీ శబరీ నదుల పరీవాహకంలో వ్యాపించియున్న బస్తరు సీమ తెలుగువారికి పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఈ అడవులకు వచ్చి రాజ్యం స్థాపించినాడని బస్తరు రాజవంశపు సంప్రదాయం చెప్పుచున్నది. కోంట, భోపాలపట్నం ప్రాంతాలలో నేటికిని తెలుగు వినవచ్చును. ఇంద్రావతి గోదావరిలో కలియును. శబరి కూడ కూనవరం వద్ద గోదావరినే చేరును. నీటికి, మాటకు ఉన్న ఈ చుట్టరికం పక్షులకు కూడ కలదు. ఆ పక్షులను ఎవరు చూచినారు, ఎవరు వ్రాసినారు, చూచినవారి జ్ఞానం వ్రాసినవారి గ్రంథాలలో ఎంతవరకు చేరినది అన్న విషయం కొంత విచారింపదగినది.

ఈ అడవులకు ఒక విశేషం ఉన్నది. ఉత్తర భారతపు సాలవనాలు, అనగా తెలుగువారు గుగ్గిలమని పిలుచు చెట్ల అడవులు, దక్షిణానికి సాగి సాగి ఇంచుమించుగా ఇక్కడ ఆగిపోవును. దక్కను టేకు అడవులు ఇక్కడనే వాటిని ఎదుర్కొనును. జగదల్‌పూర్ సమీపాన 200 చదరపు కిలోమీటర్ల వైశాల్యం గల కాంగేర్ లోయ ఈ కలయికకు మంచి నిదర్శనం. 1982లో దానిని జాతీయోద్యానంగా ప్రకటించినారు. చెట్లు మారినచోట పక్షులు కూడ మారును. ఎర్ర అడవికోడి సాలవనాలను అంటిపెట్టుకొని ఉండుననియు, దక్షిణాన దాని స్థానాన్ని బూడిదవన్నె అడవికోడి ఆక్రమించుననియు పూర్వపు పరిశీలకులే గుర్తించినారు. మధ్యభారతంలోని పచ్‌మఢీ కొండలపై, ప్రధానమైన సాలవనాలకు దూరంగా, ఒక చిన్న సాలవనం ఏకాకిగా మిగిలియున్నది. అక్కడ కూడ ఎర్ర అడవికోడియే కనిపించుట ఈ సంబంధానికి బలమైన సాక్ష్యం. అట్లే పశ్చిమ కనుమల పక్షిగా పేరుపొందిన మలబారు ట్రోగన్ కాంగేర్ లోయలో కూడ నివసించుచున్నది. ఉత్తర దక్షిణాలు, తూర్పు పడమరలు కలిసికొను ఇటువంటి ప్రదేశం పక్షిశాస్త్రజ్ఞులను ఆకర్షించుటలో వింత లేదు.

అయితే శాస్త్రజ్ఞులు రాకముందు ఈ పక్షులను ఎవరును ఎరుగరని తలచుట పొరపాటు. అడవిలో బ్రతుకువానికి పక్షి అలంకారం కాదు, అది వార్త. ఏ చెట్టు పండినదో, ఏ పొదలో పాము ఉన్నదో, వాన ఎంత దూరాన ఉన్నదో పక్షుల కూతను బట్టి తెలిసికొనవలసిన జీవితం వానిది. ఆ తెలివి గ్రంథాలలో కాక పేర్లలో నిలిచినది. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన థామస్ జెర్డన్ 1862-64 సంవత్సరాలలో భారతదేశపు పక్షులను గూర్చి గొప్ప గ్రంథం ప్రకటించినపుడు అనేక పక్షులకు తెలుగు పేర్లను కూడ చేర్చినాడు. వాటిలో పసుల పోలిగాడు ఒకటి. పశువుల మందను వెన్నంటి తిరుగుచు, వాటి కాళ్ళ తాకిడికి గడ్డిలోనుండి లేచిన పురుగులను పట్టుకొను నల్లని చీలుతోక పిట్ట అది. ఆ పేరు పెట్టిన పశులకాపరి పక్షి ప్రవర్తనను ఒక్క మాటలో వ్రాసిపెట్టినాడు. హిందీలో భీమరాజ్ అనబడు పొడవుతోక పిట్ట దీనికి దగ్గరి బంధువు. అది బస్తరు అడవులలో ఇతర పక్షుల గుంపులతో కలిసి వేటాడును. వాటి కూతలను అనుకరించును. జెర్డన్ పేర్లను వ్రాసికొన్నాడు. ఆ పేర్లు చెప్పిన వేటగాండ్రెవరో, కాపరులెవరో గ్రంథం చెప్పదు.

పందొమ్మిదవ శతాబ్దం ఉత్తరార్ధంలో ఈ ప్రాంతపు పక్షిశాస్త్రం తుపాకిమీద ఆధారపడి నడచినది. పక్షిని కొట్టి, చర్మం ఒలిచి, లోపల దూది కూరి, కాలికి చీటీ కట్టి మ్యూజియానికి పంపుట నాటి పద్ధతి. భూగర్భశాస్త్ర శాఖలో పనిచేసిన వాలెంటైన్ బాల్ రాళ్ళను పరీక్షించుచు తిరిగిన అడవులలోనే పక్షులను కూడ సేకరించి, గంగ నుండి గోదావరి వరకు గల పక్షుల విస్తృతిని గూర్చి 1878లో ఒక దీర్ఘవ్యాసం ప్రకటించినాడు. బస్తరుకు ఉత్తరాన ఫూల్‌ఝర్ ప్రాంతంలో బ్లెవిట్ అను అధికారి 1872లో ఒక చిన్న గుడ్లగూబను సేకరించినాడు. మరుసటి సంవత్సరం హ్యూమ్ దానికి బ్లెవిట్ పేరే పెట్టినాడు.

ఆ గుడ్లగూబ కథ చీటీల శాస్త్రంలోని బలాన్ని, బలహీనతను రెంటిని తెలుపుచున్నది. 1884 తరువాత అది ఎవరికిని దొరకలేదు. మ్యూజియాలలో ఏడు చర్మాలు మాత్రం మిగిలినవి. వాటిలో ఒకదానిని 1914లో గుజరాతులో సేకరించినట్లు మైనెర్ట్‌జ్‌హాగన్ అను సైనికాధికారి చీటీ వ్రాసియుండెను. నిజానికి అది మ్యూజియం నుండి అపహరించి, చీటీ మార్చిన పాత చర్మమని పమేలా రాస్ముసెన్ పరిశోధనలో తేలినది. అబద్ధపు చీటీని నమ్మి వెదకినవారు అంతకాలం తప్పుచోట వెదకినారు. ఆమె సహచరులతో కలిసి పాత నిజమైన చీటీలను అనుసరించి వెదకగా, 1997లో మహారాష్ట్రలోని శహాదా సమీపాన ఆ గుడ్లగూబ సజీవంగా కనిపించినది. చర్మం అబద్ధమాడదు, చీటీ ఆడగలదు.

మన సీమలో ఇటువంటిదే మరొక కథ జరిగినది. జెర్డన్ కనుగొనగా 1848లో వర్ణింపబడిన కలివికోడి 1900 తరువాత కనిపించక, నశించినదని అందరు తలచినారు. 1986 జనవరిలో కడప మండలంలోని రెడ్డిపల్లి సమీపాన అది మరల దొరికినది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం తరఫున భరత్ భూషణ్ అన్వేషించుచుండగా, ఆ పక్షిని రాత్రివేళ పట్టి తెచ్చినవాడు ఐతన్న అను స్థానిక వేటగాడు. శాస్త్రం ఎనభై యారేండ్లు లేదనుకొన్న పక్షి ఆ ఊరివారికి పేరుతో సహా తెలిసియుండెను. ఈసారి మాత్రం చూపించినవాని పేరు కూడ చరిత్రలో నిలిచినది.

బస్తరు విషయానికి మరల వత్తము. ఆర్థర్ వెర్నే ధనసహాయంతో 1929లో ప్రారంభమైన తూర్పు కనుమల సర్వే ఫలితాలను హ్యూ విస్లర్, కిన్నియర్ అను ఇద్దరు పండితులు పరిశీలించినారు. 1933లో వారు ఈ కొండలలోని కొండగోరువంకను ప్రత్యేకమైన ఉపజాతిగా నిర్ణయించినారు. ఒరిస్సా, బస్తరు, వాటిని ఆనుకొన్న ఉత్తరాంధ్రపు కొండలు దాని నివాసం. హిమాలయపు అడుగుకొండలలోని తన బంధువులనుండి అది విడివడి ఏకాకిగా ఉన్నది. సుమారుగా ఆ కాలముననే, 1931-32లో, సలీం అలీ హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసినారు. 1949లో, సంస్థానం విలీనమైన మరుసటి ఏడు, ఆయన బస్తరులో పర్యటించినారు. 1985లో వెలువడిన తమ ఆత్మకథలో ఆ పర్యటనకు ఒక ప్రకరణమే కేటాయించినారు.

స్వాతంత్ర్యానంతరం పక్షిశాస్త్రం తుపాకి చేతినుండి దుర్భిణి చేతికి మెల్లగా మారినది. 1960లో జఫర్ ఫతేహల్లి పక్షిపరిశీలకుల కొరకు ఒక చిన్న పత్రికను ప్రారంభించినారు. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు తాము చూచినది తామే వ్రాయుటకు అది తావిచ్చినది. హైదరాబాదులో 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షిపరిశీలకుల సంఘం ఏర్పడినది. సెలవుదినాన తెల్లవారుజామున పదిమంది ఒక చెరువుగట్టున కలిసికొని, కనిపించిన ప్రతి పక్షిని లెక్కించి పట్టిక వ్రాసికొనుట ఇటువంటి సంఘాల ముఖ్యకార్యం. ఈ పని చూచుటకు వినోదంవలె తోచును. కాని ఒకే చెరువును ఇరువదియేండ్లు లెక్కించిన పట్టిక, చెరువుకు ఏమి జరిగినదో ఏ కచ్చేరీ దస్తావేజుకంటెను స్పష్టంగా చెప్పగలదు.

బస్తరులో ఈ మార్పు ఆలస్యంగా వచ్చినది. అందుకు కారణాలున్నవి. పట్టణాలు తక్కువ, దారులు తక్కువ. 2005 తరువాత సాయుధసంఘర్షణ తీవ్రమై, దక్షిణ బస్తరులోని పెక్కు అడవులు పరిశీలకులకు ప్రవేశింపరానివైనవి. ఇంతలో కొండగోరువంక పరిస్థితి క్షీణించినది. ఆ పక్షి నిగనిగలాడు నలుపు. తలవెనుక పసుపుపచ్చని తోలుపట్టీలు, నారింజవన్నె ముక్కు, ఎగిరినపుడు రెక్కలో మెరయు తెల్లని మచ్చ దాని గుర్తులు. పండ్లు, పూదేనె, పురుగులు దాని ఆహారం. ఎత్తైన చెట్ల తొర్రలలో అది గూడు పెట్టును. తొర్రను తాను తొలువలేదు. వడ్రంగిపిట్ట తొలిచి విడిచినదో, కొమ్మ విరిగి ఏర్పడినదో దానికి కావలయును. కనుక ఎండిన చెట్టును పనికిరానిదని నరకిన ప్రతిసారి ఒక గూటిచోటు పోవుచున్నది. ఇది చాలదన్నట్లు, మనుష్యుని మాటను స్పష్టంగా పలుకగల నేర్పు దానికి శాపమైనది. పంజరపు బేరానికై గూళ్ళనుండి పిల్లలను తీసికొనిపోవుట చాలకాలం సాగినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించినది. కాని ప్రతి చెట్టుక్రింద చట్టం కాపలా ఉండజాలదు.

1992లో జగదల్‌పూర్‌లోని అటవీ విద్యాలయ ప్రాంగణంలో పెద్ద పంజరం కట్టి, కొన్ని పక్షులను అందులో ఉంచి సంతానం పెంచవలెనని ప్రయత్నించినారు. ఆడ మగ పక్షులు చూపునకు ఒకేవిధంగా ఉండుట మొదటి చిక్కు. ఏండ్లు గడచినవి, పంజరపు పక్షులు మనుష్యుల మాటలు నేర్చినవి, కాని పిల్లలు కలుగలేదు. సదుద్దేశంతో చేసిన పనియే. అయినను ఆ పక్షి అడవిలో ఎట్లు జీవించునో పూర్తిగా తెలియకుండ దానిని పంజరంలో వృద్ధి చేయబూనుట ఎంత కష్టమో ఆ అనుభవం తెలిపినది.

అడవిలో అది ఎట్లు జీవించునో, ముఖ్యంగా ఎట్లు పలుకునో, బ్రయన్ బెర్ట్రమ్ అను శాస్త్రజ్ఞుడు అస్సాం ప్రాంతపు అడవులలో ఓపికతో పరిశీలించి 1970లో ప్రకటించినాడు. ఆ ఫలితం చాలమందికి ఆశ్చర్యం కలిగించును. స్వేచ్ఛగా ఉన్న కొండగోరువంక ఇతర జాతుల పక్షులను అనుకరింపదు. ఒక్కొక్క పక్షికి మూడు మొదలు పదమూడు విధాల పిలుపులుండును. వాటిని అది తన పొరుగున ఉన్న, తనవలె మగదో ఆడదో అయిన గోరువంకలనుండి నేర్చుకొనును. అనగా దాని భాష ఇరుగుపొరుగుల భాష. పంజరంలో పొరుగువాడు మనుష్యుడొక్కడే కనుక అది మనుష్యుని మాట పలుకును. మనము దానిని నేర్పరితనమని మెచ్చుకొనుచున్నాము. నిజానికి అది తనవారిని కోల్పోయిన పక్షి పలుకు.

ఇటీవలి మార్పు ఈ దృష్టితో చూచినపుడే అర్థవంతమగును. కాంగేర్ లోయలో అధికారులు సమీపగ్రామాల ఆదివాసీ యువకులను మైనామిత్రులుగా నియమించినారు. గూడున్న చెట్లను గుర్తించి కాపాడుట, గుంపులను లెక్కించుట, ఊరివారికి, బడిపిల్లలకు నచ్చజెప్పి ఉండేలుదెబ్బలను మాన్పించుట వారి పని. 2022 నవంబరులో ఆ ఉద్యానంలో పక్షిసర్వే జరిగినది. అనేక రాష్ట్రాలనుండి వచ్చిన పరిశీలకులు జట్లుగా విడిపోయి అడవిదారులలో నడచి 200కు పైగా పక్షిజాతులను నమోదు చేసినారు. 2025లో ఈ ఉద్యానం యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడ చేరినది.

వచ్చిపోవు పరిశీలకునికి, ఊరిలో ఉండు పరిశీలకునికి భేదం కలదు. మొదటివాడు మూడుదినాలలో జాతులను లెక్కించును. దేశమంతటి అనుభవంతో పోల్చి పేరు పెట్టగలడు. అది విలువైన పని. కాని చైత్రంలో ఏ తొర్ర దగ్గర జంట వాలినది, వానలు పడునప్పటికి పిల్లలు ఎగిరినవా లేదా, గత సంవత్సరపు చెట్టు ఈ సంవత్సరం నిలిచియున్నదా అన్నది రెండవవాడే చెప్పగలడు. అతిథులవలన హాని కూడ లేకపోలేదు. ఛాయాచిత్రం కొరకు గూటికి మిక్కిలి దగ్గరగా పోవుట, రికార్డు చేసిన కూతను వినిపించి పక్షిని మోసపుచ్చి రప్పించుట వంటి పనులు గూడు పెట్టిన జంటను కలవరపెట్టును. మంచి సంఘాలు ఇటువంటివి వలదని తమ సభ్యులకు మొదటనే చెప్పును.

ఇంకొక లోటు మిగిలియున్నది. కాంగేర్ లోయలో ధుర్వాలు నివసింతురు. వారి భాష తెలుగువలెనే ద్రావిడభాష. దాని చుట్టును గోండి, హల్బీ భాషలు వినిపించును. పసుల పోలిగాడు అన్న పేరులో ఎంత పరిశీలన ఇమిడియున్నదో చూచితిమి. ఈ భాషలలోని పక్షినామాలలో కూడ అటువంటి పరిశీలన ఉండి తీరును. పట్టికలో ఆంగ్లనామం, లాటిన్‌నామం ప్రక్కన ఆ పేరుకు కూడ ఒక వరుస కేటాయించుట కష్టమైన పని కాదు. జెర్డన్ నూటయేబదియేండ్ల క్రిందట తెలుగుకు చేసినది అదియే.

ఒకటిన్నర శతాబ్దపు ఈ చరిత్రలో చూచినవాడు ఒకడు, వ్రాసినవాడు మరొకడు. చూచినవానికి అక్షరం లేకపోయెను; వ్రాసినవానికి ఆ అడవిలో ఇల్లు లేకపోయెను. ఆ ఎడమువలన కొన్ని పక్షులు బ్రతికియుండియు నశించినవని లెక్కింపబడినవి. కొన్ని అందరు చూచుచుండగనే తరిగిపోయినవి. గూటిచెట్టు క్రింద నివసించువాడే నోటుపుస్తకం పట్టుకొనుట బస్తరులో ఇప్పుడిప్పుడే ప్రారంభమైనది. కొండగోరువంకకు పొరుగున ఇంకను గోరువంకలే ఉండునా, లేక మనుష్యుడొక్కడే మిగులునా అన్నది చాలవరకు ఆ పుస్తకం ఎన్నేండ్లు సాగునన్నదానిమీద ఆధారపడియున్నది.