పొట్లంలోకి వచ్చిన శాకాహారం

నిలవ ఉండే తిండి తెలుగు ఇళ్ళకు కొత్త కాదు. ఎండాకాలం వస్తే డాబాల మీద వడియాలు, అప్పడాలు, చల్లమిరపకాయలు ఎండేవి. వంకాయ, కాకరకాయ ముక్కలు ఒరుగులయ్యేవి. మామిడికాయలు జాడీల్లోకి చేరేవి. దూరప్రయాణానికి అటుకులు, పేలపిండి, చింతపండు పులిహోర మూట కట్టేవారు. వీటన్నిటినీ పాడవకుండా కాపాడినవి ఎండ, ఉప్పు, పులుపు, నూనె. వీటికి లొంగనివి పప్పు, కూర, ఇడ్లీ వంటివి. పొద్దున వండితే రాత్రికి చెడిపోయే ఈ వంటకాలను నెలల తరబడి నిలిపి, ఊళ్ళు దాటించి అమ్మడం ఇరవయ్యో శతాబ్దంలోనే వీలైంది. అందుకు యంత్రాలు, రసాయన పరిజ్ఞానం ఎంత కావలసి వచ్చాయో, కొనేవారి నమ్మకమూ అంతే కావలసి వచ్చింది. నమ్మకం కుదిరే దారే ఎక్కువ మలుపులు తిరిగింది.

మడీ ఆచారాలు బలంగా ఉన్న కాలంలో బయటి తిండి విషయమై ముందుగా తేల్చుకునేది ఏం వండారని కాదు, ఎవరు వండారని. రైల్వే స్టేషన్లలో హిందువులకూ ముస్లింలకూ వేర్వేరు ఫలహారశాలలు, వేర్వేరు మంచినీళ్ళ ఏర్పాట్లు ఉండేవి. దక్షిణాది పట్నాల్లో వెలసిన కాఫీ హోటళ్ళు బోర్డు మీద 'బ్రాహ్మణ' అన్న మాట రాయించుకున్నది ఇందుకే. అది మాంసం ముట్టని వంటగదికి హామీ, కులానికి కట్టిన గోడ కూడా. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లోని మురళీ కేఫ్ ముందు పెరియార్ అనుచరులు ఆందోళన సాగించింది బోర్డు మీది ఆ మాటను తీయించడానికే. శాకాహార ప్యాకెట్ పుట్టుక గురించి చెప్పేటప్పుడు ఈ సంగతిని దాటవేయడం న్యాయం కాదు. తొలి ప్యాకెట్లలో కొన్ని అలాంటి వంటగదుల నుంచే వచ్చాయి.

వాటిలో అన్నిటికన్నా పేరు పొందింది బెంగళూరుది. ఉడిపి ప్రాంతంలోని పారంపళ్ళి నుంచి వంటపనికి వచ్చిన మయ్య సోదరులు అక్కడ 1924లో చిన్న హోటలు పెట్టారు. దాని పేరు బ్రాహ్మిణ్ కాఫీ క్లబ్. సోదరుల్లో ఒకరైన యజ్ఞనారాయణ మయ్య 1951లో యూరప్ వెళ్ళి అక్కడి హోటళ్ళు నడిచే తీరు చూసి వచ్చారు. ఆ తరవాత గిన్నెలను, చెంచాలను ఆవిరితో శుద్ధి చేయడం వారి వంటగదిలో నియమమైంది. 1960లో లాల్‌బాగ్ దగ్గరి ఇప్పటి చోటికి మారిన హోటలు మావళ్ళి టిఫిన్ రూమ్స్‌గా, క్లుప్తంగా ఎం.టి.ఆర్.గా స్థిరపడింది. బోర్డు మీద కులం పేరు ఉన్నచోట పేట పేరు వచ్చింది. నమ్మకానికి ఆధారం వంటవాడి పుట్టుక నుంచి వంటగది శుభ్రత వైపు జరగడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ప్యాకెట్‌కు కావలసిన వంటకం కూడా ఈ హోటల్లోనే తయారైంది. రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో, జపాన్ సేనలు బర్మాను ఆక్రమించాక అక్కడి నుంచి బియ్యం రావడం ఆగిపోయి దక్షిణాది అంతటా కొరత ఏర్పడింది. అప్పుడు బియ్యానికి బదులు గోధుమరవ్వతో చేసిన ప్రయత్నంలో రవ్వ ఇడ్లీ పుట్టిందని ఎం.టి.ఆర్. చెప్పుకుంటుంది. రవ్వను నేతిలో వేయించి, పోపు కలిపి, పెరుగు, వంటసోడా వేసి అప్పటికప్పుడు ఆవిరి మీద ఉడికించడమే దాని పద్ధతి. నానబెట్టడం, రుబ్బడం, రాత్రంతా పులియబెట్టడం ఏవీ అక్కర్లేదు. పెరుగు తప్ప మిగతావన్నీ పొడి సరుకులే కాబట్టి వాటిని ముందే కలిపి సంచిలో పోయవచ్చు. కొరతలో పుట్టిన ఇడ్లీ మూడు దశాబ్దాల తరవాత ప్యాకెట్‌లోకి ఇట్టే ఒదిగిపోవడానికి కారణం ఇదే.

మామూలు ఇడ్లీని పొడిగా మార్చడం ఇంత తేలిక కాదు. పులిసే పిండిలో సూక్ష్మజీవులు వదిలే వాయువు ఇడ్లీని పొంగిస్తుంది, అవే పులుపునూ ఇస్తాయి. మిక్స్‌లో ఈ పని వంటసోడాకూ నిమ్మఉప్పుకూ అప్పగిస్తారు. నీళ్ళు తగలగానే రెండూ కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. పొంగు వస్తుంది గాని, మినప్పిండి పులిసిన వాసన రాదు. ఇంటి ఇడ్లీ తిన్నవారికి తేడా మొదటి ముక్కకే తెలుస్తుంది. ఉప్మా మిక్స్‌కు ఈ ఇబ్బంది లేదు. రవ్వను బాగా వేయిస్తే తేమ పోతుంది, పురుగు గుడ్లు చస్తాయి, పోపు గింజలు కరకరలాడుతూ ఉంటాయి. ఈ దారిలో ముందుగా పెద్ద ఎత్తున నడిచినవారిలో 1963లో మొదలైన గిట్స్ ఒకటి. గులాబ్‌జామ్ దగ్గర నుంచి దోసె దాకా దాని మిక్స్‌లు దేశమంతా పరిచయమయ్యాయి.

ఎం.టి.ఆర్. ఆ దారి పట్టడానికి మరో ఇరుకు కారణమైంది. 1975లో ఎమర్జెన్సీ విధించాక హోటళ్ళు తిండి ధరలు తగ్గించాలని ప్రభుత్వం ఆదేశించింది. నాణ్యత తగ్గించకుండా ఆ ధరలకు పెట్టడం నష్టం తెచ్చింది, హోటలు మూతపడింది. పనివాళ్ళు వీధిన పడకుండా ఉండాలని పక్కనున్న దుకాణంలో మసాలా పొడులు, రవ్వ ఇడ్లీ మిక్స్ వంటివి పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టారు. హోటలు మళ్ళీ తెరుచుకున్నా పొట్లాల వ్యాపారం ఆగలేదు; పెరిగి వేరే కంపెనీ అయింది. 2007లో ఆ కంపెనీని నార్వేకు చెందిన ఓర్క్లా కొనుక్కుంది. హోటలు మాత్రం మయ్యల కుటుంబం చేతిలోనే ఉండిపోయింది.

మిక్స్‌తో ఇంకా కాస్త వంట మిగిలే ఉంటుంది. పూర్తిగా వండిన పప్పును, కూరను నిలవ చేసే విద్య మైసూరు నుంచి వచ్చింది. అక్కడ 1950లో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ, 1961లో రక్షణ ఆహార పరిశోధనశాల ఏర్పడ్డాయి. రెండోదాని బాధ్యత సైన్యానికి తిండి. 3,000 మీటర్ల ఎత్తున నీరు దాదాపు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. కొండల మీద మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకడం గగనం, వంటచెరకూ దొరకదు. శాకాహారులైన జవాన్లూ ఉన్న సైన్యానికి మాంసం డబ్బాలు మాత్రమే పంపితే సరిపోదు. కింద వండి, చెడకుండా పైకి చేర్చగల పప్పు కావాలి.

దానికి దొరికిన మార్గం రిటార్ట్ పౌచ్. అమెరికాలో నేటిక్‌లోని సైనిక ప్రయోగశాల, కొన్ని ప్యాకింగ్ కంపెనీలు కలిసి దీన్ని రూపొందించాయి. పాలియెస్టర్, అల్యూమినియం రేకు, పాలీప్రొపిలీన్ పొరలు అతికించిన సంచిలో వంటకం పోసి, మూతి అతికి, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి పాత్రలో సుమారు 121 డిగ్రీల వేడికి గురిచేస్తారు. క్లాస్ట్రీడియం బాట్యులినం అనే ప్రాణాంతక సూక్ష్మజీవి బీజాలు 100 డిగ్రీల మరుగునీటిలో బతికిపోగలవు గనుక అంత వేడి తప్పదు. సంచి పలచగా ఉంటుంది కాబట్టి డబ్బాలో కన్నా వేడి నడిమికి త్వరగా చేరుతుంది, వంటకం మరీ మెత్తబడదు. ఆ తరవాత ఫ్రిజ్ గాని, నిలవకు వేసే రసాయనం గాని అక్కర్లేదు. బాగా పుల్లనైన పదార్థాల్లో ఆ సూక్ష్మజీవి పెరగలేదు. పప్పుకు పట్టే ఈ హంగామా ఆవకాయకు పట్టకపోవడానికి దాని పులుపు, ఉప్పే కారణం. మైసూరు శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని భారతీయ వంటకాలకు అమర్చారు. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ సోవియట్ నౌకలో అంతరిక్షానికి వెళ్ళినప్పుడు రవ్వ హల్వా, ఆలూ ఛోలే, వెజిటబుల్ పులావ్ సిద్ధం చేసి ఇచ్చిందీ మైసూరులోని రక్షణ ప్రయోగశాలే.

ఏ వంటకం దుకాణానికి చేరాలో రిటార్టే చాలావరకు నిర్ణయించింది. ఎంత ఉడికితే అంత రుచెక్కే రాజ్మా, ఛోలే, దాల్ మఖనీ అందులో బాగా నిలిచాయి. పాలకూర పచ్చదనం ఆ వేడికి మాసి ముదురు ఆలివ్ రంగుకు దిగుతుంది, అయినా జనం ఒప్పుకున్నారు. వేపుళ్ళు, దోసెలు, కరకరలాడేవేవీ నిలవలేదు. దొండకాయ వేపుడు, బెండకాయ వేపుడు, అట్టు ఇష్టపడే తెలుగు భోజనానికి ఆ అరల్లో తక్కువ చోటు దొరికిందంటే లోపం ఆ వంటలది కాదు, సంచి స్వభావానిది. తెలుగు రుచి మార్కెట్టుకు వేరే దారిలో వెళ్ళింది. 1980లో హైదరాబాదులో మొదలైన ప్రియా పచ్చళ్ళు సీసాల్లో దేశాలు దాటాయి. స్వగృహ దుకాణాలు పొడులు, పచ్చళ్ళు, పిండివంటలు పొట్లాలు కట్టాయి.

సైన్యపు విద్య జనంలోకి రావడానికి వలస తోడైంది. 1965లో అమెరికా వలస చట్టం మారాక అక్కడికి చేరిన భారతీయుల కోసం సరుకుల దుకాణాలు వెలిశాయి. షికాగోలో 1974లో తెరిచిన పటేల్ బ్రదర్స్ అలాంటిదే. 1990ల చివర కంప్యూటర్ ఉద్యోగాలు, పైచదువులు పెద్ద సంఖ్యలో తెలుగు యువతను అటు తీసుకెళ్ళాయి. వంట రాని, వండే తీరిక లేని శాకాహారికి వేడినీళ్ళలో అయిదు నిమిషాలుంచే సంచి పెద్ద ఆసరా అయింది. పుణె దగ్గర తయారయ్యే టేస్టీ బైట్ అమెరికన్ సూపర్‌మార్కెట్లకే చేరింది. స్వదేశంలో 2001 ప్రాంతంలో ఐటీసీ కిచెన్స్ ఆఫ్ ఇండియా, మైసూరు ప్రయోగశాల పరిజ్ఞానంతో ఎం.టి.ఆర్. రెడీ టు ఈట్ వంటకాలు తెచ్చాయి.

వండినవారి ముఖం కనిపించని సంచికి హామీ ఇవ్వాల్సిన పని ప్రభుత్వానికి వచ్చింది. కల్తీ నిరోధక నియమాలను సవరించి 2000లో మాంసాహారానికి గోధుమరంగు గుర్తు, 2001లో శాకాహారానికి ఆకుపచ్చ గుర్తు తప్పనిసరి చేశారు. చతురస్రంలో నిండు చుక్క, అంతే. చదువు రానివారికీ తెలుస్తుంది. రంగులు వేరు చేసి చూడలేనివారికి కష్టమవుతోందని 2020 నియమాలలో మాంసాహార చుక్కను త్రిభుజంగా మార్చారు. బోర్డు మీది కులం మాట చేసిన పనిని ఈ చుక్క ఎవరినీ వాకిట నిలబెట్టకుండా చేసింది. అయితే దాని నిర్వచనం భారతీయ అలవాటును అనుసరించింది: గుడ్డు మాంసాహారం, పాలు, తేనె కాదు.

జంతువుల నుంచి వచ్చేదేదీ తినని వీగన్లకు ఆ చుక్క చాలదు. రవ్వ ఇడ్లీ మిక్స్‌లోని నెయ్యి, దాల్ మఖనీలోని వెన్న రెండూ ఆకుపచ్చ చుక్క కిందే ఉంటాయి. వీగన్ పేరు లేకుండానే ఆ కోవకు చెందే ప్యాకెట్ సరుకొకటి తెలుగు వంటిళ్ళలో చాలాకాలంగా ఉంది, అది మీల్ మేకర్. నూనె తీసిన సోయాపిండిని వేడి, ఒత్తిడి మధ్య యంత్రంలోంచి నెట్టి చేసే ఈ ఉండలు బిర్యానీలో, కుర్మాలో మామూలయ్యాయి. వీగన్ ఆహారానికి ప్రత్యేక నియమాలు 2022లో వచ్చాయి. వాటి ప్రకారం పదార్థంలోనే కాక, తయారీలో వాడి తీసేసే సహాయక ద్రవ్యాల్లో కూడా జంతు సంబంధమైనది ఉండకూడదు, జంతువుల మీద పరీక్షలు జరిపి ఉండకూడదు. ఆకుపచ్చ 'వి' అక్షరం మీద చిన్న మొక్క ఉన్న గుర్తు వాటికి కేటాయించారు.